ఉమ్మితో తుడిచిన జరీ

పాత బట్ట మీది మురికి తియ్యడానికి మనిషి ఉమ్మిని మించిన ద్రవం లేదు. ఈ మాట చెబితే మొహం చిట్లించేవాళ్ళు చాలామందే ఉన్నారు. చిట్లించుకోనివ్వండి. మా మ్యూజియంలోనే కాదు, పాత వస్తువులు బాగుచేసే చోట చాలామందికి తెలిసిన పద్ధతే ఇది. సన్నటి పుల్ల చివర దూది చుట్టాలి. నాలుక మీద తడి చేసుకోవాలి. వేలి బరువు కూడా పడకుండా మరక మీద దొర్లించాలి, రుద్దకూడదు. ఉమ్మి గోరువెచ్చగా ఉంటుంది, జిగటను మెల్లగా కరిగిస్తుంది, రంగు జోలికి పోదు. పై అంతస్తులో కూర్చుని సీసాల నిండా మందులు కలిపే నాలాంటి వాళ్ళం కూడా ఆ దూది పుల్ల ముందు చేతులెత్తేసిన వాళ్ళమే.

మా అక్క ఆ పనిలో ఆరితేరిన మనిషి. కింది అంతస్తులో వరసగా కిటికీలున్న పొడుగాటి గది ఆమెది. ఎప్పుడో మూతపడిన ఒక నాటకాల కంపెనీ దుస్తులు పెట్టెలతో సహా మా మ్యూజియంకి వచ్చి పడ్డాయి. రాజు కోటు, రాణి పావడా, సేనాపతి నడికట్టు, విదూషకుడి టోపీ, అన్నీ పట్టు మీద జరీ పని. అలాంటివి ఇంకెక్కడా మిగల్లేదు, అన్నిచోట్లా పురుగు తినేసింది. మా దగ్గరున్నవి మాత్రం మురికిపట్టి, చిరిగి కూడా పురుగు చిల్లు లేకుండా నిలిచాయి. ఎందుకు నిలిచాయో ఎవరికీ అడగాలనిపించలేదు. అక్క వాటిని ఒక్కొక్కటే విప్పి, తుడిచి, చిరుగుల కింద పలచటి గుడ్డ వేసి కుట్టి, మళ్ళీ మనుషులు చూడదగ్గట్టు చేసింది. ఆమె పెళ్ళి కూడా ఆ గదిలో చేరిన తర్వాతే అయింది. "నేను రెండో మొగుణ్ణి. మొదటివాడు ఆ రాజుగారి కోటు" అని బావ ఇప్పటికీ ఎవరొస్తే వాళ్ళకి చెబుతుంటాడు.

అక్క చేతులు పాడవడం మొదలై చాలాకాలమైంది. ముందు కాలివేళ్ళు తిమ్మిరంది. చెప్పులు మార్చి చూశాం. తర్వాత అరికాళ్ళలో మంట, ఆ తర్వాత అరచేతుల నిండా గింజల్లాంటి ఆనెలు. చివరికి సూది వేళ్ళ మధ్య ఉందో జారిపోయిందో చూస్తే తప్ప తెలియని స్థితి వచ్చింది. ఒక డాక్టరు షుగరన్నాడు, పరీక్ష చేస్తే షుగర్ లేదు. ఇంకొకావిడ మెడ ఎముక అరిగిందని పట్టీ కట్టింది. మూడో ఆయన "వయసమ్మా" అన్నాడు. మా అక్క కన్నా ఆయనే పెద్దవాడు, ఆయన చేతులు మాత్రం చీటీ మీద చకచకా పరిగెత్తుతున్నాయి. నాకు నోటి దురుసు, అక్కడే అడిగేసేదాన్ని, అక్క కాలు తొక్కింది.

రోజూ పొద్దున్నే ఆమె గదికి వెళ్ళి, సూదులన్నిటికీ దారాలెక్కించి, గుండ్రటి దిండుకి గుచ్చి పెట్టి, అప్పుడు మేడెక్కేదాన్ని. అక్క చూడనట్టు కిటికీలోంచి బయటికి చూసేది. ఆ చేతులు ఎందుకు పోతున్నాయో తేల్చాలని నాకు పట్టుదల పెరిగిపోయింది. కారణం తెలిస్తే ఆపొచ్చని ఆశ. చదివిన చదువంతా రాతి బొమ్మలకీ రాగి చెంబులకీ పనికొచ్చి, సొంత అక్కకి పనికిరాకపోతే దాన్ని తగలెయ్యడానికా?

అక్క కన్నా ముందే ఆ గదిలో చేతులు పోగొట్టుకున్న మనిషి ఇంకొకతె ఉంది. ఆమెను మేమంతా పొట్టి అనేవాళ్ళం. పిలిస్తే పలికేది, కోప్పడేది కాదు. అక్క చేతికింద పని నేర్చుకోవడానికి వచ్చి, అదే బల్లకి అవతలి వైపు, అక్కకి ఎదురుగా కూర్చునేది. గలగలా మాట్లాడేది. రాణి పావడా నడుముకి చుట్టుకుని గది ఆ చివర నుంచి ఈ చివరకి నడిచి అక్క చేత చీవాట్లు తినేది. కొత్త పెట్టె వస్తే విప్పేదీ, దుమ్ము దులిపేదీ, మొదటి తుడుపు తుడిచేదీ పొట్టే. శుభ్రమయ్యాక కుట్టుపని అక్కది.

అలాంటి పొట్టి ఉన్నట్టుండి పుల్లలు కింద పడెయ్యడం మొదలుపెట్టింది. వేళ్ళు మొద్దుబారాయంటుంది, కడుపులో తిప్పుతోందంటుంది, సెలవు చీటీ పంపుతుంది. ఓ రోజు విదూషకుడి టోపీ ఆమె చేతిలోంచి జారి, అంచు చిరిగింది. అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. వస్తువు జారవిడిచిన మనిషిని ఆమె క్షమించగా నేను చూడలేదు. "పనిదొంగవే నువ్వు. ఒళ్ళొంగక ఈ నాటకాలు" అని అందరి ముందూ అనేసి, ఆ మాటే మ్యూజియం డైరెక్టరు గారికీ చెప్పింది. పొట్టిని టిక్కెట్ల కిటికీ దగ్గరికి మార్చారు. అక్కడ చిల్లర వేళ్ళకి దొరక్క, వరసలో నిలబడ్డవాళ్ళు విసుక్కుంటే, తనే మానేసింది. తర్వాత కొంతకాలానికి పోయిందని తెలిసింది. ఏం జబ్బో డాక్టర్లు తేల్చలేదు. అక్క వెళ్ళింది కానీ ఇంటి లోపలికి అడుగు పెట్టకుండా వీధిలోంచే తిరిగొచ్చింది.

ఇంత జరిగినా అక్క చేతుల్నీ పొట్టి చేతుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. పొట్టిది నాటకమని తీర్మానించేసుకున్నాం కదా, ఇక దాన్ని జబ్బుతో ఎందుకు పోలుస్తాం?

నాటకాల దుస్తులతో పెద్ద ప్రదర్శన పెట్టాలని డైరెక్టరు గారు అనుకోవడంతో ఇదంతా బయటపడింది. జరీ వెండిదా, రాగి మీద పూతా అని బోర్డు మీద రాయాలి. అందుకోసం ఒక యంత్రాన్ని తెప్పించారు. చేత్తో పట్టుకునే తుపాకీలా ఉంటుంది. వస్తువు మీదికి గురిపెట్టి మీట నొక్కితే ఎక్స్‌రేలు పడతాయి. ముక్క కొయ్యక్కర్లేదు, గీత పడదు. ఏ మూలకం ఉంటే దాని గీత తెర మీద దానికి కేటాయించిన చోట లేస్తుంది. వెండికి వెండి చోటు, రాగికి రాగి చోటు. ఎన్నో ఏళ్ళ నుంచి అడుగుతున్న యంత్రం. కొత్త పెళ్ళికూతుర్ని చూసుకున్నట్టు దాన్ని చూసుకున్నాను.

రాజు కోటు కాలరు మీద మొదటిసారి నొక్కాను. వెండి లేచింది, రాగి లేచింది, సంతోషించాను. వాటి మధ్య ఇంకో గీత లేచింది, ఆ రెంటికన్నా ఎత్తుగా. సీసమనుకున్నాను. పాత రంగుల్లో సీసం మామూలే. కానీ సీసమైతే ఇంకాస్త కుడివైపున దాని రెండో గీత కూడా లేవాలి, దాదాపు అంతే ఎత్తున. అక్కడ ఏమీ లేదు, నేల మట్టంగా ఉంది. సీసం గీత లేచే చోటే లేచేది ఇంకొకటుంది. ఆర్సెనిక్. మన పాత మాటలో పాషాణం. దానికుండే చిన్న రెండో గీత కోసం చూశాను. అది తన చోట తాను బుద్ధిగా నిలబడి ఉంది.

యంత్రం పాడైందనుకున్నాను. నిజం చెప్పాలంటే పాడవ్వాలని కోరుకున్నాను. నా బల్ల మీద నొక్కాను, గోడ మీద నొక్కాను, నా రుమాలు మీద నొక్కాను. ఎక్కడా ఆ గీత లేదు. మళ్ళీ కోటు మీద పెడితే మళ్ళీ లేచింది. రాణి పావడా మీద లేచింది, నడికట్టు మీద లేచింది, టోపీ లోపలి అంచున మరీ ఎత్తుగా లేచింది. కాలరు మడత విప్పి భూతద్దంలో చూస్తే, జరీ పోగుల అడుగున తెల్లటి పొడి, పిండి జల్లెడ పట్టినప్పుడు అంచుల్లో మిగిలే దుమ్ములాగా సన్నగా ఉంది. పూర్వం చాలా మ్యూజియంలలో పురుగు పట్టకుండా ఈ పొడినే చల్లేవారని చదువుకునే రోజుల్లో ఒక పాఠం విన్నాను. దానికి రుచీ వాసనా ఉండవు. వినడమైతే విన్నాను కానీ అది మా కింది అంతస్తులోనే ఉందని ఎవరు చెప్పారు?

అక్క మెడ డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు చూసుకుని యంత్రాన్ని ఆమె గదికి తీసుకుపోయాను. బల్ల మీద అక్క వైపు నొక్కితే గీత లేచింది. కుర్చీ చేతుల మీద లేచింది. దూది పెట్టుకునే గిన్నె అంచున లేచింది. ఆ గిన్నె ముందు నిలబడిపోయాను. దూది పుల్ల నాలుక మీదికి, నాలుక మీంచి జరీ మీదికి, జరీ మీంచి మళ్ళీ నాలుక మీదికి. ఏళ్ళ తరబడి, పొద్దున నుంచి సాయంత్రం దాకా.

తర్వాత బల్ల అవతలి వైపుకి వెళ్ళాను. పొట్టి కూర్చునే స్టూలు ఇంకా అక్కడే ఉంది, ఎవరూ తీసెయ్యలేదు. ఆ వైపు చెక్క పగుళ్ళలో పెట్టి నొక్కితే గీత అక్క వైపు దానికన్నా చాలా ఎత్తుగా లేచింది. పెట్టెలు విప్పిందీ దుమ్ము దులిపిందీ తనే కదా. పొడి ముందుగా తన మీదే పడింది, మిగిలిందే అక్కకి వచ్చింది.

యంత్రం పక్కన పెట్టి ఆ స్టూలు మీదే కూర్చుని ఏడ్చాను. అక్క కోసమా, పొట్టి కోసమా అంటే చెప్పలేను. అక్క చేతులకి కారణం దొరికింది, అంతవరకు బాగానే ఉంది. కానీ ఈ కారణాన్ని అక్కకి చెబితే, దానితో పాటు పొట్టిని కూడా చెప్పినట్టే. ఒళ్ళంతా విషం నిండిన మనిషిని పనిదొంగ అన్నానని తెలిస్తే నా అక్క ఏమైపోతుంది? అప్పటికప్పుడే నిశ్చయించుకున్నాను. అక్కకి అక్క సంగతే చెప్పాలి. పొట్టి పేరు ఎత్తకూడదు.

డైరెక్టరు గారికి తెర మీది గీతలు చూపించాను. ఆయన చెడ్డవాడు కాదు. చాలాసేపు నీళ్ళు నమిలి, గదికి తాళం వెయ్యమన్నారు, చేతి తొడుగులూ ముక్కు గుడ్డలూ తెప్పిస్తానన్నారు, దుస్తులన్నీ గాలి చొరని అద్దాల పెట్టెల్లో పెట్టిస్తానన్నారు, అక్క వైద్యం మ్యూజియమే చూసుకుంటుందన్నారు. అన్నీ సబబైన మాటలే. తర్వాత నేల చూపులు చూస్తూ, "వాటిని ఇంతకాలం బతికించింది ఆ పొడేనండీ" అన్నారు. అది కూడా నిజమే. ఆ నిజం వింటే నాకు ఒళ్ళు మండిపోయింది. బట్టల్ని బతికించి మనుషుల్ని తిన్నదని గట్టిగానే అన్నాను.

పొట్టి ఇంటివాళ్ళకి కూడా చెప్పాలి కదా అని అడిగాను. అప్పుడు ఆయన గొంతు తగ్గించారు.

"ఉన్నవాళ్ళ సంగతి చూద్దామండీ. పోయినావిడ గురించి ఇప్పుడు వెళ్ళి ఏం చెబుతారు? చెబితే ఆవిడ తిరిగొస్తుందా? వాళ్ళ మనసు పాడవ్వడం తప్ప."

నిప్పులు చెరగాల్సిన చోట నోరు మూసుకుని బయటికొచ్చాను. ఆయన అన్నది తప్పని అనడానికి నాకు మొహం లేదు. అక్క విషయంలో నేను అనుకున్నది కూడా సరిగ్గా అదే మాట మరి.

ఈసారి అక్కని ఏ డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలో తెలుసు కాబట్టి, ఇంకో పరీక్ష ఉందని మాత్రం చెప్పి తీసుకుపోయాను. జుట్టూ గోళ్ళూ పరీక్షకి తీసుకున్నారు. ఆమె గోళ్ళ మీద అడ్డంగా ఉన్న తెల్లటి చారల్ని ఆ డాక్టరమ్మ చూడగానే గుర్తుపట్టింది. ఫలితం వచ్చాక నన్నొక్కదాన్నే లోపలికి పిలిచింది. ముట్టుకోవడం మానేస్తే ఒంట్లో ఉన్న విషం మెల్లగా పోతుందని, కానీ పోయిన నరాలు చాలావరకు తిరిగి రావని చెప్పింది. సూది పట్టుకోగలదా అని అడిగాను. చెంచా పట్టుకోవడం గురించి ఆలోచించమంది. చర్మం మీది మచ్చలు ముదరకుండా బతికినంతకాలం చూపించుకుంటూ ఉండాలని కూడా చెప్పి, నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తోసెయ్యాలనిపించింది. పాపం, ఆవిడ తప్పేముంది.

ఆ మధ్యాహ్నమే వాళ్ళింట్లో, వంటింట్లో అక్కకి చెప్పాను. బావ కూరగాయలు కోస్తున్నాడు. అక్క చేతుల్లో కత్తి నిలవడం మానేసినప్పటి నుంచీ అది ఆయన పనే. యంత్రం గురించీ గీతల గురించీ పొడి గురించీ దూది పుల్ల గురించీ, అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని భయం. బావ కత్తి కింద పెట్టాడు. లేచి వెళ్ళి అక్క పనికి వేసుకెళ్ళే బట్టలన్నీ ఒక సంచిలో కుక్కి, మూతి కట్టి, దొడ్డి గుమ్మం బయట పెట్టి వచ్చి, చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

అక్క మాత్రం నేను భయపడినట్టు ఏడవలేదు.

"అందుకేనన్నమాట పురుగు పట్టంది" అంది. కాస్త నవ్వినట్టు కూడా అనిపించింది. తన చేతులు తిప్పి చూసుకుంది. చేతులు తిరిగి వస్తాయా అని అడిగింది. రావన్నాను. కుట్టాల్సింది ఇక సేనాపతి నడికట్టు ఒక్కటే మిగిలిందని, దాన్ని కుట్టకుండా అలాగే పెట్టెయ్యమని డైరెక్టరు గారికి చెప్పమంది. ఇంకెవరి చేతా ముట్టించవద్దంది. గండం గడిచిందనుకుని ఊపిరి పీల్చుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని.

"పొడి ఎక్కడ ఎక్కువగా ఉంది?" అని అడిగింది అక్క.

మడతల్లో, జరీ అడుగున అన్నాను. శుభ్రం చెయ్యకముందు ఇంకా ఎక్కువ ఉండేదా అని అడిగింది. ఉండే ఉంటుందన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను.

అక్క రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుంది. బావ వెళ్ళి కారుతున్న కుళాయి కట్టేశాడు.

"పెట్టెలు విప్పింది పొట్టి కదే" అంది అక్క.

నేను మాట మార్చడానికి ఏదో అన్నాను. డాక్టరు ఇచ్చిన మందుల సంగతో ఏదో. అక్క వినలేదు.

"దూది వృథా చేస్తోందని తిట్టేదాన్ని. ఒక వైపు మురికైతే తిప్పి రెండో వైపు వాడమనేదాన్ని. మళ్ళీ నోట్లో పెట్టుకోమని నేనే చెప్పాను దానికి. అది మొహం చిట్లిస్తే నా నోట్లో పెట్టుకుని చూపించాను."

"నీకు తెలుసా అక్కా? ఎవరికి తెలుసు అప్పుడు?"

"తెలీదు. తెలీకపోతే తెలీనట్టు ఊరుకోవాలి. పనిదొంగ అని ఎందుకన్నాను?"

బావ వచ్చి అక్క వెనకాల నిలబడి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. అప్పుడు ఏడ్చింది. నేను ఎప్పుడూ వినని గొంతుతో ఏడ్చింది.

ఆ తర్వాత అక్క తిండి సరిగ్గా తినలేదు. బావ ముద్దలు కలిపి పెడితే నోరు తెరిచేది, అంతే. ప్రదర్శన మొదలైంది. రమ్మని డైరెక్టరు గారు స్వయంగా ఫోన్ చేస్తే వస్తానంది, మాకే ఆశ్చర్యమైంది. అద్దాల పెట్టెల్లో, సన్నటి వెలుతురులో, రాజు కోటూ రాణి పావడా నిజంగా కన్నుల పండువగా ఉన్నాయి. వేల గంటల పని ఆ వెలుగులో కనిపిస్తోంది. జనం అద్దానికి ముక్కులు ఆనించి చూస్తున్నారు. ఈ కుట్టు మనిషి చేత్తో వేసిందంటే నమ్మలేమని ఒకావిడ పక్కావిడతో అంది. వేసిన మనిషి ఆమె వెనకే, చేతులు కొంగు కింద దాచుకుని నిలబడి ఉంది. ఒక మూల చిన్న బోర్డు మీద, దుస్తుల్లో పూర్వకాలపు పురుగుమందు అవశేషాలున్నందున తాకరాదని రాసి ఉంది. అక్క ఆ బోర్డు రెండుసార్లు చదివింది.

బయటికొచ్చాక, పొట్టి మొగుడి దగ్గరికి తీసుకెళ్ళమంది.

వద్దన్నాను. డైరెక్టరు గారి మాటలే నా నోట్లోంచి వచ్చాయి. చెబితే పొట్టి తిరిగొస్తుందా అన్నాను. వాళ్ళు ఎలాగో సర్దుకుని బతుకుతున్నారు, వాళ్ళని ఎందుకు కెలకడం అన్నాను. నువ్వు అసలే నిలబడలేకపోతున్నావు అన్నాను.

"అది పోయింది సరే. నేనన్న మాట ఇక్కడే ఉంది కదే. దాన్నైనా తీసెయ్యనీ" అంది అక్క.

పొట్టి మొగుడు గడియారాలు బాగుచేస్తాడు. ఇంటి ముందు గదే దుకాణం. మేము వెళ్ళేసరికి కంటికి చిన్న భూతద్దం బిగించుకుని, చిన్న పట్టకారుతో ఏదో చక్రాన్ని పట్టుకుని ఉన్నాడు. అక్కని చూసి భూతద్దం తీశాడు. గుర్తుపట్టాడు. మొహంలో ఏ భావమూ లేకుండా స్టూళ్ళు జరిపి కూర్చోమన్నాడు. పొట్టి పోయిన రోజున అక్క వీధిలోంచే వెళ్ళిపోవడం అతను చూసే ఉంటాడు.

నేను మొదలుపెట్టబోతే అక్క చేత్తో ఆపింది. తనే చెప్పింది. పొడి గురించి, దూది గురించి, తెర మీది గీతల గురించి, నేను ఆమెకి చెప్పినవన్నీ వరసగా, ఒక్కటి కూడా తప్పులేకుండా చెప్పింది. ఎక్కడా తనని తాను వెనకేసుకు రాలేదు. వేళ్ళు మొద్దుబారడం ఆ విషం వల్లేనని, కడుపులో తిప్పడం కూడా దానివల్లేనని చెప్పింది. తన అరచేతులు అతని ముందు చాపి, ఆనెలు చూపించింది. పొట్టి చేతుల్లోనూ ఇవి ఉండి ఉంటాయి, నేను చూడలేదు అంది.

"ఉండేవి" అన్నాడతను.

ఆ చేతుల వంక చూశాడు. అతనివి సన్నటి వేళ్ళు, వెంట్రుకవాసి స్ప్రింగుని పట్టుకుని చెప్పిన చోట కూర్చోబెట్టే వేళ్ళు. అలాంటివాడి ఇంట్లో రోజూ కంచాలు జారిపోతూ, గ్లాసులు పగులుతూ ఉంటే ఎలా ఉండేదో అతను చెప్పకపోయినా నాకు తెలిసిపోయింది. పొట్టి టిక్కెట్ల కిటికీ దగ్గర ఉన్న రోజుల్లో ఒకసారి మోచేతి దగ్గర కమిలిపోయి ఉంటే ఏమైందని అడిగాను. తలుపు తగిలిందంది.

"అయితే తను నటించలేదా?" అన్నాడు.

"లేదు నాయనా. నేనూ నమ్మలేదు. నటిస్తోందని నేనే ముందన్నాను" అంది అక్క.

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. అక్క కూడా దానికోసమే వచ్చిందని నాకు అప్పుడు అర్థమైంది. అతను తిట్టలేదు. చేతిలో పట్టకారు ఇంకా ఉంది. దాన్ని జాగ్రత్తగా గుడ్డ మీద పెట్టి, ఇంకోసారి చెప్పమన్నాడు. అక్క మళ్ళీ చెప్పింది. అతను పెదాలు కదుపుతూ విన్నాడు, పాఠం అప్పజెప్పాల్సిన వాడిలాగా. ఆ విషం పేరేమిటని అడిగాడు. అక్కకి పలకడం రాలేదు. నేను చెప్పాను. అతను దాన్ని ఒకసారి పలికి చూసుకున్నాడు.

తర్వాత లేచి లోపలి తలుపు దగ్గరికి వెళ్ళి, అక్కడే ఆగిపోయి, మా వైపు తిరిగాడు.

"అమ్మాయి లోపలుంది. దానికి మీరే చెప్పండి. నేను చెబితే నమ్మదు. అమ్మదంతా నాటకమని ఇన్నేళ్ళూ దాని చెవిలో పోసింది నేనే."

కూతుర్ని పిలిచాడు. పొట్టి లాగానే ఉంది ఆ పిల్ల, అదే మొహం, తల్లి కన్నా కాస్త పొడుగు. మమ్మల్ని చూసి ఎవరన్నట్టు తండ్రి వంక చూసింది. అతను గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అక్క ఆ పిల్లని దగ్గర కూర్చోమని, మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.